ఆవిడ కంట్లో రెండు చుక్కలు

వీధికి ఈ పక్క ఫోటోగ్రాఫరు కొట్టు, ఆ పక్క గొడుగాయన కొట్టు. గొడుగాయన అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. వచ్చిన కొత్తలో రెండు తెల్ల గొడుగులు చంకలో పెట్టుకుని దిగాడు. వాటిని చెరో దీపం ముందూ విప్పి, ఎదురుగా స్టూలు వేసి, మనుషుల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. అంతే, గొడుగాయన అయిపోయాడు. ఆ పేరు పెట్టింది మన ఫోటోగ్రాఫరే. వెక్కిరింపుకి పెట్టాడు. అది కాస్తా అందరి నోళ్ళలో పడేసరికి, గొడుగాయన ముచ్చటపడి కొట్టు బోర్డు మీద గొడుగు బొమ్మ వేయించుకున్నాడు. తను వేసిన వెక్కిరింపు ఎదుటివాడికి ప్రచారమై కూర్చుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? ఫోటోగ్రాఫరుకి తొమ్మిదేళ్ళుగా మండుతూనే ఉంది.

అలాగని ఆయన చేతకానివాడేం కాదు. పాతికేళ్ళ అనుభవం. కొట్టు గుమ్మం మీద ఎర్రక్షరాలతో రాయించాడు: "ఇక్కడ తీసిన పాస్‌పోర్టు ఫోటో వెనక్కి రాదు." నిజంగానే ఎవరి ఫోటోనీ ఏ ఆఫీసూ తిప్పిపంపలేదు. కనీసం ఆయనకి తెలిసి పంపలేదు. ఒక్కటే దీపం వాడతాడు, పెద్ద చదరపు పెట్టెలో, ముందు తెల్లగుడ్డ కట్టి. ఆ దీపం కింద కూర్చున్నవాళ్ళ కంటిపాపలో ఒకే ఒక్క తెల్లచుక్క పడుతుంది. గొడుగాయన దగ్గర కూర్చున్నవాళ్ళకి రెండు పడతాయి. ఈ సంగతి మామూలు మనుషులెవరికీ తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఫోటోగ్రాఫరుకి మాత్రం అదే లోకం. ఎవరి చేతిలో ఏ కార్డు కనబడినా లాక్కుని కళ్ళు చూస్తాడు. ఒక చుక్కుంటే ముఖం వికసిస్తుంది. రెండున్నాయా, ఆ మనిషితో ఆ వారమంతా ముక్తసరిగా మాట్లాడతాడు. పాలు పోసేవాడిని మార్చేశాడు కూడా, కారణం చెప్పకుండా.

ఇంకో అలవాటు ఉంది ఆయనకి. ముఖం మీద మచ్చ కనబడితే చెయ్యి ఊరుకోదు. మొటిమ, గాటు, కళ్ళకింద నలుపు, ఏదైనా సరే, కంప్యూటర్లో పెట్టి నున్నగా చేసి ఇస్తాడు. జనం సంతోషిస్తారు. ఆఫీసుకి వెళ్ళే ఫోటోల్లో మాత్రం చెయ్యి కట్టేసుకోవాలని ఆయనకి తెలుసు, కట్టేసుకుంటాడు కూడా. ఒక్క మనిషి విషయంలోనే ఆ నిగ్రహం ఎప్పుడూ పనిచెయ్యలేదు. ఆయన భార్యకి ఎడమ చెంప మీద, పెదవి కొసకి కాస్త పైన, మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉంది. పెళ్ళయిన కొత్తలో తీసిన మొదటి ఫోటోలోనే సన్నటి కుంచెతో దాన్ని మాయం చేశాడు. కానుక ఇచ్చినంత సంబరపడ్డాడు. అప్పటినుంచి ఇంట్లో గోడల మీద, కొట్టు అద్దంలో, ఆల్బముల్లో ఎక్కడ చూసినా ఆవిడ ముఖం మచ్చలేకుండానే ఉంది.

ఆ రోజు పొద్దున్న పదకొండింటికి ఆవిడ వెనక ఇంట్లోంచి కొట్లోకి వచ్చింది. కొట్టు వెనకే ఇల్లు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో పాస్‌పోర్టు. ఆరేళ్ళ కిందట చేయించుకున్నదే, ఇంకా ఎక్కడికీ వెళ్ళనే లేదు.

"ఏమండీ, ఇది నాకు అంతుబట్టడం లేదు. మీరు చూడండి."

సంగతి ఇదీ. సరిహద్దు దాటిన ఊళ్ళో ఆవిడ అక్కకి వచ్చే గురువారం తుంటి ఆపరేషను. అక్కకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఉన్నది ఈ చెల్లెలే. వెళ్ళడానికి అనుమతి కావాలి. పూర్వంలా క్యూలో నిలబడి కాగితాలు ఇచ్చే పని లేదు, ఫోన్లోనే చెయ్యాలట. ఫోను కెమెరాతో పాస్‌పోర్టు కింది రెండు వరుసల అక్షరాలు చదివించాలి. తర్వాత ఫోనుని అట్ట మీద ఆనించి పెడితే లోపలున్న చిప్పులోంచి వివరాలన్నీ అదే లాగేసుకుంటుంది. ఆ తర్వాత మనిషి ముఖం చూపించాలి. ఈ సాయంత్రం అయిదింటికల్లా పంపకపోతే గురువారానికి అనుమతి అందదు. అవకాశాలు రెండే. రెండూ తప్పితే స్వయంగా ఆఫీసుకి వెళ్ళాలి, అక్కడ మూడు వారాల దాకా ఖాళీ లేదు.

"దీనికింత కంగారెందుకు? ఫోటోల పని ఫోటోగ్రాఫరుకి తెలీదా?" అన్నాడాయన ఠీవిగా.

కెమెరా పని చిటికెలో అయిపోయింది. చిప్పు దగ్గర మాత్రం చెమటలు పట్టాయి. ఫోను పైన పెట్టాడు, కింద పెట్టాడు, అడ్డంగా తిప్పాడు. "దగ్గరగా ఉంచండి" అంటుంది, ఉంచితే "కదపకండి" అంటుంది, కదపకపోతే ఏమీ అనదు. లోపల పొయ్యి మీద ఏదో పొంగుతున్న వాసన వచ్చి ఆవిడ లోపలికి పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే ఫోను చేతిలో సన్నగా వణికింది. పచ్చగీత ఈ చివర్నుంచి ఆ చివరికి నిండింది. తెర మీద భార్య ముఖం వచ్చింది.

పాస్‌పోర్టు పేజీలో ముఖం బూడిదరంగులో ఉంటుంది, మీద వంకర గీతలు అడ్డంగా ఉంటాయి. అందులో మచ్చా తెలీదు, చుక్కలూ తెలీవు. చిప్పులో దాచింది అలా కాదు. రంగుల్లో, గీతల్లేకుండా, తెర నిండా వచ్చింది. ఫోటోగ్రాఫరు మొదట మురిసిపోయాడు. ఆరేళ్ళ కిందట తనే కూర్చోబెట్టి తీసిన ఫోటో కదా! తర్వాత ఎడమ చెంప చూశాడు. మచ్చ ఉంది.

రెండువేళ్ళతో తెరని సాగదీసి కళ్ళు చూశాడు. రెండు చుక్కలు.

కుడి కంట్లో రెండు, ఎడమ కంట్లో రెండు. గొడుగులు.

ఇంకోసారి సాగదీశాడు, ఒకటవుతాయేమోనని. అవలేదు. ఫోటో కింద ఫోను మర్యాదగా అడుగుతోంది: "ఈ ఫోటో మీదేనా?" కింద రెండు మీటలు, అవును, కాదు. ఫోటోగ్రాఫరు బొటనవేలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాదు అని నొక్కేసింది.

ఇంకొక్క అవకాశం మిగిలిందని ఫోను ఏదో చెప్పబోయింది. ఆయన దాని నోరు నొక్కినట్టు మీట నొక్కి బల్లమీద బోర్లా పడేశాడు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమైందండీ?"

"చిప్పు చచ్చింది."

"చచ్చిందంటే?"

"చచ్చిందంటే చచ్చింది. పాడైపోయింది. చదవడం లేదు."

"అయ్యో, మరి అక్క?" అంది ఆవిడ. ఆ అడగడంలో భయం ఉంది. ఆయన వినిపించుకోలేదు. దీపం గుడ్డ దులపడానికి లేచాడు.

అక్కడినుంచి మూడుగంటల దాకా ఆయన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. తన భార్య. తన కొట్టు వెనకే కాపురం ఉంటూ, తన దీపం పక్కనుంచే రోజుకి నలభైసార్లు నడుస్తూ, వీధి దాటి వెళ్ళి వాడి స్టూలు మీద కూర్చుంది. ఎప్పుడు వెళ్ళింది? తను భోజనానికి లేచినప్పుడా? ఏ చీర కట్టుకుంది? వాడు "నవ్వకండి" అని ఉంటాడు, నవ్వకూడదని చెబితే ఆవిడకి నవ్వొస్తుంది, వాడూ నవ్వి ఉంటాడు. ఇంతవరకూ ఎలాగో మింగాడు. తర్వాత గుర్తొచ్చిందే, అది మింగుడు పడలేదు. పాస్‌పోర్టు ఫోటోకి గడ్డం సరిచెయ్యాలి. ఎవరూ మాటతో సరిగ్గా ఎత్తరు, ఒకరు ఆకాశం చూస్తారు, ఒకరు నేల చూస్తారు. చివరికి ఫోటోగ్రాఫరే రెండువేళ్ళతో గడ్డం పట్టుకుని ఓ గింజంత పైకెత్తుతాడు. తను పాతికేళ్ళుగా ఊరందరి గడ్డాలూ అలాగే ఎత్తుతున్నాడు, అందులో ఏమీ లేదని ఆయనకన్నా బాగా తెలిసినవాడు లేడు. అయినా ఆ రెండువేళ్ళు ఆయన కళ్ళముందునుంచి కదలడం లేదు.

మధ్యలో ఒక ముసలాయన ఫోటోకి వచ్చాడు. ఆయన గడ్డం ఎంత గట్టిగా ఎత్తాడంటే, పాపం ఆ పెద్దమనిషి "మెడ పట్టేసింది నాయనా" అని రుద్దుకుంటూ వెళ్ళాడు.

భోజనం వడ్డించి ఆవిడ రెండుసార్లు అడిగింది, ఒంట్లో బావుందా అని. "నాకేం? దివ్యంగా ఉంది" అన్నాడు, పళ్ళెం చూస్తూ. అడిగెయ్యొచ్చు కదా? అడిగితే ఆవిడ చెప్పేస్తుందేమోనని భయం. వాడు నీకన్నా బాగా తీస్తాడని వెళ్ళానండీ, అని చెప్పేస్తే? ఆ మాట విని తను మళ్ళీ కెమెరా పట్టుకోగలడా?

మూడింటికి ఆవిడ చీర సరిచేసుకుని, పాస్‌పోర్టు తీసుకుంది.

"ఎదుటాయన రోజూ ఇవే చేస్తున్నాడట. ఓసారి చూపించి వస్తాను."

"ఎందుకు? చచ్చిందని చెప్పాగా."

"చచ్చినా ఇంకొకరి చేత నాడి చూపించడంలో తప్పేముంది? అక్కకి ఉన్నది నేనొక్కదాన్నే కదండీ" అని వీధి దాటేసింది.

ఫోటోగ్రాఫరు తన అద్దం వెనక నిలబడి చూశాడు. గొడుగాయన లేచి నిలబడటం చూశాడు. స్టూలు తుడిచి జరపడం చూశాడు. ఆవిడ కూర్చోవడం చూశాడు, ఏమాత్రం వెతుక్కోకుండా, తెలిసిన చోట కూర్చున్నట్టు. ఇక ఆగలేకపోయాడు. చెప్పులు కూడా వేసుకోకుండా తొమ్మిదేళ్ళలో మొట్టమొదటిసారి ఆ గుమ్మం తొక్కాడు.

లోపల ఆవిడ ఫోను ముందుకి పెట్టుకుని పైకి చదువుతోంది.

"'గత ప్రయత్నంలో చూపిన ఫోటో మీది కాదని మీరు తెలిపారు. మీకు ఇంకొక్క అవకాశం మాత్రమే ఉంది.' ఇదేమిటి బాబూ? నేనెప్పుడు తెలిపాను?"

గొడుగాయన పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టు ఉంటాడు. "చిప్పు బాగానే చదివినట్టుంది వదినగారూ. ఎవరో 'కాదు' నొక్కారు" అంటూ తలెత్తి గుమ్మంలో నిలబడ్డవాణ్ణి చూసి ఆగిపోయాడు.

ఆవిడ వెనక్కి తిరిగింది. భర్త వట్టి కాళ్ళు చూసింది, తర్వాత ముఖం చూసింది.

"మీరు నొక్కారా?"

"నొక్కాను."

"నాది కాదని?"

"నాది కాదు గనక! ఆ ఫోటో నేను తీసింది కాదు గనక!"

"ఫోటోలో ఉన్నది నేనేనా అని అడిగిందది. తీసిందెవరని అడగలేదు." ఆవిడ ఫోను ఆయన ముందుకి చాపింది. "చిప్పు చచ్చిందన్నారు. మా అక్క ఆపరేషను బల్ల మీద ఒక్కతే పడుకోవాల్సిందే అని పొద్దుటినుంచి ఏడుపు దిగమింగుకుంటున్నాను. చచ్చింది చిప్పు కాదన్నమాట."

ఆ మాటకి వెనక్కి తగ్గాల్సింది. తగ్గితే ఆయన ఫోటోగ్రాఫరు ఎలా అవుతాడు? పొద్దుటినుంచి ఉడికిందంతా ఒక్కసారి పొంగింది.

"నువ్వు ఇక్కడికెప్పుడొచ్చావు? ఈ స్టూలు మీదేనా కూర్చున్నావు? నీ గడ్డం ఎవరెత్తారు?"

గొడుగాయన చెవులు ఎర్రబడ్డాయి. "అన్నగారూ, నేనసలు..."

"మీరుండండి" అంది ఆవిడ అతనితో. "నేను చెబుతాను. ఆరేళ్ళయింది ఇది మోస్తూ." భర్త వైపు తిరిగింది. "మీరు తీసిన ఫోటోనే పంపాను మొదట. వెనక్కి వచ్చింది."

"అబద్ధం. నా ఫోటో వెనక్కి రాదు."

"వచ్చింది. కాగితంతో సహా వచ్చింది. ఫోటోలో ముఖానికీ అసలు ముఖానికీ తేడా ఉంది, గుర్తింపు మచ్చ కనబడటం లేదు, వేరే ఫోటో పంపమని. ఎందుకు కనబడుతుంది? అలవాటుగా తీసేశారుగా. ఎదురుగా మీ బోర్డు. ఎర్రక్షరాలతో. ఊరందరి ఫోటోలూ నెగ్గి, కట్టుకున్నదాని ఫోటో తిరిగొచ్చిందని మీతో ఎలా చెప్పను? చెబితే నాలుగు రోజులు అన్నం తినరు. అందుకని కాగితం బియ్యం డబ్బా అడుగున పెట్టి, ఈయన దగ్గరికొచ్చాను. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. ఆ బోర్డు ఇంకా అక్కడ వేలాడుతోందంటే ఈయన నోరు విప్పలేదు గనకే."

ఫోటోగ్రాఫరు గొడుగాయన వైపు చూశాడు. గొడుగాయన తన గొడుగు వైపు చూశాడు. ఆరేళ్ళు! రోజూ పొద్దున్నే తలుపు తీయగానే ఎదురుగా ఆ బోర్డు కనబడుతూంటే, అది అబద్ధమని తెలిసీ, ఒక్కసారి కూడా నవ్వలేదు, ఒక్కరితో కూడా అనలేదు. తనకే గనక గొడుగాయన ఫోటో తిరిగొచ్చిన కాగితం దొరికుంటే? అద్దం కట్టించి గుమ్మానికి తగిలించేవాడు. ఆ నిజం ఎవరూ చెప్పకుండానే ఆయనకి తెలిసిపోయింది. వాడి బేరాలు చూసి కుళ్ళుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు వాడి మంచితనం చూసి కూడా కుళ్ళు పుట్టింది. ఇది ఇంకా మండింది.

"గడ్డం ఎవరెత్తారని కదా అడిగారు?" ఆవిడ ఇంకా ఆపలేదు. "ఎవరూ ఎత్తలేదు. అద్దం చేతికిచ్చి నన్నే సరిచేసుకోమన్నారు. ఫోటో తీసేముందు ఇంకోమాట కూడా అడిగారు. మచ్చ ఉంచమంటారా, కనబడకుండా పక్కకి తిరుగుతారా అని. పక్కకి తిరిగితే ఆఫీసువాళ్ళు ఒప్పుకోరని ఆయనకీ తెలుసు, అయినా అడిగారు. నా ముఖం గురించి నన్ను అడిగారు. ఉంచమన్నాను. మా అమ్మకి అక్కడే ఉండేది. ఇరవై రెండేళ్ళలో మీరెప్పుడైనా అడిగారా?"

అడగలేదు. అడగాలని కూడా ఫోటోగ్రాఫరుకి తట్టలేదు. వాడి వేళ్ళని తలుచుకుని నాలుగు గంటలు కుమిలిపోయాడు, వాడు వేలు కూడా ఆనించలేదు. వట్టి ఒక మాట అడిగాడు, అంతే. వేళ్ళయితే బాగుండును, దెబ్బలాడటానికైనా ఏదో ఒకటి ఉండేది.

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. గొడుగాయనే ముందుగా కదిలాడు. పాస్‌పోర్టుని బల్ల మీద మూసిపెట్టి, ఫోనుని దాని వెనకట్ట మీద, కెమెరా ఉన్న కొస ఆనేలా పెట్టాడు. "ఈ ఫోనుకి పైకొసలో అందుతుంది. కిందికి పెడితే ఎంతసేపైనా అందదు" అని మెల్లిగా అన్నాడు, పాఠం చెబుతున్నట్టు కాకుండా. ఫోను వణికింది. అదే ముఖం వచ్చింది, మచ్చతో, రెండేసి చుక్కలతో. "ఈ ఫోటో మీదేనా?"

ఆవిడ భర్తని చూస్తూ "అవును" నొక్కింది.

"ఇప్పుడు ముఖం చూపించమంటోంది. రెండు నిమిషాలే టైము" అన్నాడు గొడుగాయన. ఫోను తన చేతిలోకి తీసుకోబోయి, ఆగి, వెనక్కి జరిగాడు. "మీరు తీయండి అన్నగారూ. నేను దీపాలు వేస్తాను."

తన కొట్లోకి, తన దీపం కిందికి ఆవిడని లాక్కుపోవాలనిపించింది. తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. వీధి దాటేంత వ్యవధి లేదు. రెండు గొడుగులూ తెల్లగా వెలిగాయి. శత్రువు కొట్లో, శత్రువు వెలుతురులో, చెప్పుల్లేకుండా నిలబడి, ఫోటోగ్రాఫరు ఫోను ఎత్తి భార్య ముఖం చూశాడు.

ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో చూసిన మచ్చ. ఇన్నేళ్ళలో కాస్త పెద్దదైంది, అంచు పలచబడింది. దాని పక్కనే ఒక సన్నటి ముడత కూడా వచ్చింది, అది ఎప్పుడొచ్చిందో ఆయనకి తెలీదు. ఏడుపు ఆపుకున్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గడ్డం కొంచెం కిందికి ఉంది. అలవాటుగా రెండువేళ్ళు ముందుకి వెళ్ళాయి. గాలిలోనే ఆగాయి.

"గడ్డం... ఓ గింజంత ఎత్తనా?"

ఆవిడ ఆయన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"ఎత్తండి" అంది.

ఎత్తాడు. తీశాడు. ఫోను కాసేపు ఆలోచించి రెండు ముఖాల్నీ పక్కపక్కన పెట్టి చూపించింది. ఒకటి చిప్పులోది, ఒకటి ఇప్పటిది. రెండింటిలోనూ మచ్చ ఉంది. ఆయన బుద్ధి పోనిచ్చుకోలేదు, తను తీసిన ఫోటోలో కళ్ళు సాగదీశాడు. రెండు చుక్కలు. రెండూ వాడివే. ఆ రెండు చుక్కల మధ్యన మాత్రం నల్లగా, చిన్నగా, తల వంచుకుని ఎవరో నిలబడి ఉన్నారు. చేతిలో ఫోనుంది.

కింద ఆఖరు ప్రశ్న వెలిగింది: "ఈ రెండు ఫోటోలూ మీవేనా? పంపమంటారా?"

ఆయన బొటనవేలు మీట దాకా వెళ్ళింది. అక్కడ ఆపేశాడు. ఫోను తిప్పి ఆవిడ వైపు పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పు" అన్నాడు.